కేరవాన్ సరే, ఆపేదెక్కడ మహాప్రభో!

మొన్న శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసులో ఎవరికీ పని చెయ్యబుద్ధి కాని వేళ, మా టీములో కుర్రాడొకడు ఎక్సెల్ షీటొకటి పంపించాడు. దాని పేరు 'కోస్తా కేరవాన్ ట్రిప్పు - ఫైనల్ - వెర్షన్ 4'. అద్దెకి కేరవాన్ తీసుకుని భీమిలి దగ్గర మొదలెట్టి సూర్యలంక దాకా తీరం వెంట రావాలట. మూడున్నర రోజులు, పదకొండు బీచిలు. షీటులో కాలమ్‌లు చూద్దును కదా: బీచి పేరు, దూరం, ఫొటోకి మంచి సమయం, తిండి ఎక్కడ. అంతే.

నేను రెండే ప్రశ్నలు అడిగాను. రాత్రికి బండి ఎక్కడ ఆపుతారు? బండిలో టాయిలెట్ ట్యాంకు నిండితే ఎక్కడ ఖాళీ చేస్తారు?

"ఎక్కడో అక్కడ ఆపుకుంటాం అన్నా, అదే కదా కేరవాన్ అంటే!" అన్నాడు.

ఈ టపా ఆ 'ఎక్కడో అక్కడ' మీద.

ముందే చెప్పేస్తున్నా, నేను తిరుగుళ్ళకి వ్యతిరేకిని కాను. 2004లో జావా నేర్చుకుందామని అమీర్‌పేటలో దిగి, బల్కంపేటలో నలుగురం కలిసి ఒక రూములో పడుకున్న రోజుల్నించీ శెలవు దొరికితే బ్యాగు సర్దేసేవాణ్ణి. ఇప్పటికీ అదే బల్కంపేట. కాకపోతే అప్పుడు అద్దె, ఇప్పుడు ఈఎమ్మై. మా సందులో స్కూటరు పెట్టుకోడానికే పక్కింటాయనతో రోజూ పంచాయితీ. అలాంటి చోట ఉండేవాడికి 'బండి ఆపేదెక్కడ' అన్న ప్రశ్న మిగతావాళ్ళకన్నా ముందు తడుతుంది మరి :)

సరే, నవ్వులాట ఆపి అసలు సంగతికొస్తాను.

రెండేళ్ళ కిందట జనవరిలో మా అమ్మని సముద్రం చూపించడానికి తీసుకెళ్ళాను. మాది సూర్యాపేట దగ్గర పల్లె. అరవై ఆరేళ్ళు వచ్చాయి, ఆవిడ సముద్రం చూళ్ళేదు. "సావకముందు ఒక్కపారి సముద్రం సూడాలె బిడ్డా" అని ఎన్నిసార్లందో. వ్యాను మాట్లాడుకుని అందరం బయల్దేరాం. నా ప్లాను బ్రహ్మాండం. అన్నవరం దాటాక కత్తిపూడి దగ్గర పెద్ద హైవే వదిలేసి 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకోవడం. అది కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలులో మళ్ళీ 16వ నంబరు రోడ్డులో కలుస్తుంది. మన తీరం చూడాలంటే ఇదీ రోడ్డు. గోదావరి పాయలూ, కొబ్బరితోటలూ, చేపల చెరువులూ, ఉప్పుమళ్ళూ అన్నీ దీని పక్కనే.

ఆ రోజు సాయంత్రానికి అమ్మ మొహం పీక్కుపోయింది. ఏమైందంటే చెప్పదు. చివరికి మా ఆవిడ బయటపెట్టింది. అమ్మ పొద్దున్నించీ చుక్క నీళ్ళు తాగలేదు. బీపీ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుందని ఆ మాత్రా వేసుకోలేదు. నేను కోప్పడితే ఒక్కటే మాటంది. "మీరు మగోళ్ళు, చెట్టుసాటుకు పోతరు. నేనేడికి పోవాలె బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. పొద్దున్నించీ మూడు చోట్ల ఆపాను. మూడూ నేనే ఏరిన చోట్లు. ఒకచోట వ్యూ బావుంది, ఒకచోట కాఫీ బావుంది, ఒకచోట సూర్యాస్తమయం బావుంటుందని ఎవరో రాశారు. ఒక బంకులో బాత్రూము ఉంది, తాళం ఉంది, తాళంచెవి ఉన్న మనిషి లేడు.

చివరికి సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పేటలో వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ మావాళ్ళ అవస్థ చూసి, "రండి వదినగారూ, మా ఇంట్లో ఉందండీ" అని తీసుకెళ్ళింది. మంచినీళ్ళిచ్చింది. డబ్బులివ్వబోతే తిట్టినంత పని చేసింది. హైదరాబాద్ వచ్చాక అమ్మకి మూత్రంలో ఇన్‌ఫెక్షను, ఐదు రోజులు మందులు. సముద్రం ఎలా ఉందమ్మా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ వదినగారి గురించే చెబుతుంది.

ఇప్పుడు మీరనొచ్చు: "అందుకే కదయ్యా కేరవాన్! బాత్రూము బండిలోనే ఉంటుంది." నేనూ అలాగే అనుకున్నాను. సాఫ్ట్‌వేరువాణ్ణి కదా, కూర్చుని లెక్కేశాను.

చిన్న కేరవాన్లలో ఉండే టాయిలెట్ డబ్బా సుమారు ఇరవై లీటర్లు. ఒక్కో వాడకానికి నీళ్ళతో కలిపి లీటరున్నర నించి రెండు లీటర్లు వేసుకోండి. పది పన్నెండు వాడకాలకి నిండిపోతుంది. నలుగురుంటే ఒక్క రోజు. మంచినీళ్ళ ట్యాంకు వంద లీటర్లనుకుందాం. మనిషికి ఒక్క బకెట్ స్నానం, అంటే పదిహేను లీటర్ల చొప్పున అరవై అక్కడే అయిపోయాయి. వంటా, గిన్నెలూ, చేతులూ కలుపుకుంటే అదీ ఒక్క రోజే. ఇక ఏసీ. ప్లగ్గు పెట్టుకునే చోటు లేకపోతే రాత్రంతా జనరేటరు ఆడుతూ ఉండాలి. సముద్రం హోరు వినడానికి వెళ్ళి జనరేటరు హోరు వినడమన్నమాట.

అంటే ఏమిటి? ప్రతి ఇరవైనాలుగ్గంటలకీ నీళ్ళు పట్టుకునే చోటూ, డబ్బా కడుక్కునే చోటూ, కరెంటిచ్చే చోటూ కావాలి. అవి లేకపోతే ఆ డబ్బా ఎక్కడ ఖాళీ అవుతుందో నేను వేరే చెప్పాలా? చీకటి పడ్డాక కాలవలోనో, ఇసకలోనో. నా అమ్మకి తలుపు తీసిన ఆ వదినగారి ఇంటి వెనకాలే. కేరవాన్ సమస్యని తీర్చదు, ఒక రోజు వెనక్కి నెడుతుంది. నెట్టి నెట్టి చివరికి బెస్తపేట మీద పడేస్తుంది.

ప్రభుత్వాల వరసా ఇలాగే ఉంది. బండికి రంగులేసి జెండా ఊపడం తేలిక, ఫొటో వస్తుంది. సెప్టిక్ ట్యాంకు ముందు నిలబడి ఎవరూ ఫొటో దిగరు. ఈ విషయంలో కేరళవాళ్ళని మెచ్చుకోవాలి. 2021లో కేరవాన్ పర్యాటక విధానం ప్రకటించినప్పుడే బండి ఒక సగం, బండి ఆగే పార్కు రెండో సగం అని రాసుకున్నారు. మొదటి పార్కు వాగమన్‌లో పెట్టారు. అమలు ఎంత బాగుందీ అన్నది వేరే చర్చ, కనీసం ప్రశ్న సరిగ్గా అర్థమైంది.

అమెరికా వెళ్ళొచ్చిన మిత్రులు కాలిఫోర్నియా ఒకటో నంబరు రోడ్డు గురించి కథలు కథలుగా చెబుతారు. సముద్రం పక్కన ఆర్వీలో పడుకున్నాం అని. ఎక్కడ పడుకున్నావు బాబూ అంటే స్టేట్ పార్కు క్యాంపుగ్రౌండులో. ఆర్నెల్ల ముందు బుక్ చేసుకుని! అక్కడ ఎవరూ 'ఎక్కడో అక్కడ' ఆపలేదు. 1972లో జనం ఓటేసి తీరం అందరిదీ అని తేల్చుకున్నారు, 1976లో దానికి చట్టం చేసుకున్నారు. మనవాళ్ళు ఆ బండిని చూశారు, బండి కింద ఉన్న నేలని చూళ్ళేదు.

పోనీ ఇది మనకి తెలీని విద్యా? కానే కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న పరివారంతో కాశీ బయల్దేరి, జగన్నాథం మీదుగా మన తూర్పు తీరం వెంట దిగివచ్చి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు రోడ్ ట్రిప్పు! ఆయన కాశీయాత్ర చరిత్ర తిరగెయ్యండి. మజిలీ మజిలీకీ నీళ్ళ వసతి ఎలా ఉంది, అంగళ్ళున్నాయా, సత్రం ఉందా, నీడ ఉందా అనే రాస్తూ పోతాడు. ఆయన దగ్గర డేరాలూ, పల్లకీ, బోయీలూ ఉన్నారు. అంటే ఆ కాలపు కేరవానే. అయినా ఆగే చోటు చూసుకునే కదిలాడు. రెండొందల ఏళ్ళ తరవాత, జేబులో మ్యాపు పెట్టుకున్న మనం 'ఫొటో స్పాటు' రాసుకుంటున్నాం.

అదే 216వ నంబరు రోడ్డు దగ్గర్లో లంకల గన్నవరం ఉంది. డొక్కా సీతమ్మగారు ఏ వేళకొచ్చిన బాటసారికైనా అన్నం పెట్టిన ఊరు. ఇంకా కిందికొస్తే చీరాల దగ్గర మోటుపల్లి. అక్కడే 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అభయ శాసనం వేయించాడు. తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు మునుపటి రాజులు లాక్కునేవారు, ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని పరదేశి వర్తకులకి ఇచ్చిన మాట అది. తీరానికొచ్చే పరాయివాడికి ముందు కావల్సింది భరోసా అని ఎనిమిది వందల ఏళ్ళ కిందటి రాజుకి తెలుసు. మన ప్లానింగులో ఆ కాలమ్ లేదు.

ఇది బాత్రూములతో ఆగే విషయమూ కాదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున మన హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఫొటోల కోసం దిగారు. పైన లార్జీ డ్యామునించి నీళ్ళు వదిలారు. ఇరవై నాలుగు మంది పిల్లలు పోయారు. హెచ్చరిక సరిగ్గా లేకపోవడం పాలకుల తప్పు, అది కోర్టుదాకా వెళ్ళింది. నేననేది ఇంకోటి. ఆ చోటు ఆగేందుకు ఎవరూ ఏర్పాటు చేసిన చోటు కాదు. 'ఎక్కడో అక్కడ' అంటే అదీ. మన తీరంలోనూ అంతే. అంతర్వేది, హంసలదీవి లాంటి నది సముద్రంలో కలిసే చోట్ల నీళ్ళు మామూలు బీచిలో ఉన్నట్టుండవు. ఉప్పాడ-కాకినాడ బీచి రోడ్డు పెద్ద తుఫాను వస్తే కోసుకుపోతుంది. ఎక్సెల్ షీటులో మాత్రం అది సుందరమైన డ్రైవు.

కొందరు పెద్దలు అంటుంటారు, "మన జనానికి ఏం కట్టినా పాడుచేస్తారండీ" అని. మరి మా బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి ఏటా ఆషాఢంలో ఇసకేస్తే రాలనంత జనం వస్తారే! ఆ ఇరుకు సందుల్లోనే బారికేడ్లూ, మంచినీళ్ళూ, తాత్కాలిక మరుగుదొడ్లూ, వైద్య శిబిరాలూ అన్నీ అమరుతాయి. చెయ్యడం రాక కాదు, చెయ్యాల్సిన పని అనుకోక. తీరంలో కట్టడాలకి చట్టం ఒప్పుకోదు అనేది ఇంకో సాకు. 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషనే తాత్కాలిక మరుగుదొడ్లనీ, బట్టలు మార్చుకునే గదుల్నీ అలల గరిష్ఠ హద్దుకి పది మీటర్ల ఇవతల అనుమతిస్తోంది.

"రిసార్టులున్నాయిగా" అనేవాళ్ళకి: ఉన్నాయి. ఒక పూట సముద్రం చూడ్డానికి వచ్చిన వ్యవసాయ కూలీ కుటుంబం బాత్రూము కోసం రిసార్టులో గది తీసుకోవాలా?

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. కత్తిపూడి నించి ఒంగోలు దాకా సుమారు 390 కిలోమీటర్లు. అరవై, డెబ్భై కిలోమీటర్లకొకటి చొప్పున ఆరు మజిలీలు చాలు. ఒక్కోచోట పది బండ్లు నిలిచే గట్టి నేల, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి రెట్టింపు మరుగుదొడ్లు, ఒక కుళాయి, ట్యాంకు ఖాళీ చేసే గుంట, రాత్రంతా వెలిగే దీపం, ఇక్కడ దిగొచ్చు ఇక్కడ దిగకూడదని తెలుగులో ఒక బోర్డు. రుసుము పెట్టండి, తప్పులేదు. ఆ రుసుము మాత్రం ఆ ఊరి పంచాయతీకి, నడిపే మహిళా సంఘానికి వెళ్ళాలి. తెప్పలు లాగే చోటా, వలలూ చేపలూ ఆరబెట్టే చోటా మజిలీ పెట్టకూడదు. అది వాళ్ళ ఆఫీసు. మన ఆఫీసులోకి ఎవరైనా కేరవాన్ తోలుకొచ్చి, ఇక్కడ వాసనేస్తోందంటే ఊరుకుంటామా?

ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలతో చేపలవేట నిషేధం. సరిగ్గా మన పిల్లల వేసవి శెలవులు. సముద్రాన్ని చేతిగీతల్లా చదవగలిగే మనుషులు పనిలేక ఒడ్డున కూర్చునే రోజుల్లోనే, ఈత రాని పట్నం పిల్లలు వచ్చి అలల్లో దూకుతారు. ఆ రెండు నెలలూ వాళ్ళనే జీతమిచ్చి కాపలాకి పెట్టుకుంటే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయి! ఈ రెండు కేలండర్లనీ పక్కపక్కన పెట్టి చూడ్డానికి కన్సల్టెంటు అక్కర్లేదు.

మా కుర్రాడికి ఇదంతా చెబితే, "ఇవన్నీ వచ్చేదాకా ఇంట్లో కూర్చోమంటావా అన్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. వద్దు, వెళ్ళండి. పదకొండు బీచిలు మాత్రం వద్దు. రెండు చోట్లు ఏరుకోండి. వెళ్ళేముందు ఆ ఊళ్ళో ఎవరితోనైనా ఫోనులో మాట్లాడండి. రాత్రి బండి పెట్టుకోడానికి పంచాయతీనో, లాడ్జీ యజమానినో అడిగి, డబ్బు కట్టి పెట్టండి. నదులు కలిసే చోట నీళ్ళలోకి దిగొద్దు. డబ్బా నిండితే లాడ్జీలో కడుక్కునే ఏర్పాటు ముందే చేసుకోండి, కాలవ వైపు చూడొద్దు.

అమ్మ మళ్ళీ సముద్రం అంటోంది. ఈసారి మచిలీపట్నం వైపు అనుకుంటున్నాం. నేనూ ఒక ఎక్సెల్ షీటు తెరిచాను. మొదటి కాలమ్ పేరు 'అమ్మ ఎక్కడికి వెళ్తుంది?'. అది నిండాకే బీచి పేర్లు రాస్తాను. ఇప్పటికి రెండు గళ్ళు నిండాయి. వాటిలో ఒకటి ఆ వదినగారి ఇల్లు.