టెలిఫోను తీగెయు గాజుతీగెయు

టెలిఫోను గల యిల్లు ఊరి కంతటికి నొక యానవాలుగ నుండిన దినములను తలిదండ్రులలో పలువు రెఱుగుదురు. ఆ తీగె కొఱకు అర్జీ పెట్టి యేండ్ల తరబడి కాచుకొనిన వారును గలరు. పిమ్మట ఎస్.టి.డి. బూతులు వచ్చెను, సెల్‌ఫోను రాగా నవియు పోయెను. 2000 అక్టోబరు 1వ తేదీన ప్రభుత్వ శాఖనుండి వేఱై యేర్పడిన బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థకు మాటలను మోయుటయే ముఖ్యమైన పనిగ నుండెను. 2005 జనవరిలో నదే రాగితీగెపై బ్రాడ్‌బ్యాండును గూడ నారంభించెను. 2013 జూలైలో తంతివార్తల నాపివేసెను. ఇప్పుడు రాగికి మాఱుగ గాజుతీగెల వేయుచున్నది. ఈ మార్పు మంచిదే యని నా యభిప్రాయము. కాని రెండు సంగతులు చెప్పవలసి యున్నది.

రాగితీగెపై వచ్చు ఇంటర్నెట్టు, ఎక్స్‌చేంజికి నాలుగైదు కిలోమీటర్లు దాటిన యిండ్లకు క్షీణించును. 44వ జాతీయ రహదారిపై నున్న ఇచ్చోడ బజారునకు అది చాలునేమో గాని, గుట్టల నడుమనున్న గోండు, కొలాము గూడెములకు చాలదు. గాజుతీగెలో వెలుగు ఇరువది కిలోమీటర్లైనను సులువుగ పోవును. "చేత సెల్‌ఫో నుండగా తీగె యెందుకు?" అని కొందఱందురు. టవరు తన శక్తిని చుట్టునున్న వారందఱికిని పంచవలెను. గుట్ట యడ్డమైనచో పలుకనే పలుకదు. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి మన ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల ద్వారా పాఠములు చెప్పించెను. మేలైన యేర్పాటే. అయితే టెలివిజను చెప్పునే గాని వినదు. లెక్క బోధపడని బాలుడు దాని నేమని యడుగును?

దాదాపు రెండున్నర లక్షల పంచాయతులకు గాజుతీగె చేర్పవలెనని కేంద్రప్రభుత్వము 2011లో నిశ్చయించెను. ఆ తీగె పంచాయతీ కార్యాలయపు గోడకడ నిలిచిపోయినచో గూడెపు బడికి దానివలన ఫలమేమి? 2020 జనవరి 31న బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగులు 78,000 మందికి పైగ స్వచ్ఛందముగ విరమించిరి. ఇండ్లకు తీగె లాగు పనిని స్థానిక భాగస్వాములు ఆదాయములో వాటా పుచ్చుకొని చేయుచున్నారు. వాటా కొఱకు పనిచేయువాడు చందాదారులు మెండుగ నున్న వీధికే ముందు పోవును, అతనిని తప్పుపట్టలేము. దూరపు గూడెముల భారమును సంస్థయు ప్రభుత్వమును వహింపవలెను.

ఇక రెండవది. పాత టెలిఫోనునకు ఎక్స్‌చేంజి బ్యాటరీలనుండి 48 వోల్టుల విద్యుత్తు ఆ తీగె మీదనే వచ్చెడిది. ఇంట దీపము లాఱినను అది మ్రోగెడిది. గాజుతీగె వెలుగును తెచ్చును గాని విద్యుత్తును తేదు. కరెంటు పోయెనా, ఇంటిలోని పెట్టెయు నిదురించును. మన వైపు గాలివానకు కరెంటు నిలుచునో లేదో వేఱుగ చెప్పనేల? కావున క్రొత్త పెట్టెతో నొక చిన్న బ్యాటరీని గూడ నిచ్చువఱకు, పాతతీగె యెక్కడ నింకను పలుకుచున్నదో అక్కడ దానిని ఊడదీయ గూడదు.

మండలములోని సర్పంచులును తలిదండ్రులును ఈ రెండు కోరికలను అర్జీగ పంపదలచినచో, సాపు ప్రతి వ్రాసి యిచ్చుటకు మా పదవ తరగతి విద్యార్థులు సిద్ధముగ నున్నారు.