క్యాజువాలిటీ గుమ్మానికి ఇటూ అటూ

కాలిన గాయాలతో ఉన్న ఒకామెను ఆటోలో వేసుకుని ఓ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళిన రాత్రి నాకింకా గుర్తుంది. ‘‘మెడికోలీగల్ కేసు. ముందు పోలీసుల్ని తీసుకురండి’’ అన్నాడు డ్యూటీ డాక్టరు. స్టేషన్‌కి వెళ్ళి వచ్చేసరికి ఆమె మాట్లాడటం మానేసింది. ముందు ప్రాణం నిలబెట్టాలి, లాంఛనాలు తర్వాత అని పరమానంద కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి మాకూ తెలీదు, ఆయనకూ తెలీదు కాబోలు. అందుకే ‘డాక్టర్లకు రక్షణ’ అనగానే మన సంఘాల్లో చాలామందికి మనసు ముడుచుకుంటుంది. నాకూ అంతే.

2024 ఆగస్టు 9 తర్వాత అలా ఉండటం కుదరలేదు. కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో అత్యాచారానికీ హత్యకూ గురైన జూనియర్ డాక్టరుకు, సుదీర్ఘమైన డ్యూటీలో కాస్త నడుం వాల్చడానికి దొరికింది సెమినార్ హాలు. 1973లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్‌పై దాడి జరిగింది డ్యూటీ దిగి బట్టలు మార్చుకోవడానికి వెళ్ళిన బేస్‌మెంటులో. ఈ యాభై ఏళ్ళలో ఆసుపత్రుల్లోకి ఎన్నెన్ని మిషన్లు రాలేదు! ఆడవాళ్ళకి గొళ్ళెం ఉన్న ఒక గది మాత్రం గగనమైంది.

దీనికి పశ్చిమబెంగాల్ ప్రభుత్వం చెప్పిన పరిష్కారాల్లో ఒకటి, వీలైనంతవరకు మహిళలకు రాత్రి డ్యూటీలు వేయకపోవడం! సుప్రీంకోర్టు తప్పుపట్టింది కాబట్టి సరిపోయింది. ‘రాత్రిపూట ఆడదానికి బయటేం పని’ అన్న పాత మాటే కదా ఇది, సర్కారు కాగితం మీద.

డాక్టర్లు కేంద్రచట్టం కావాలంటున్నారు. 2019లో ఒక బిల్లు ముసాయిదా దాకా వచ్చి ఆగిపోయింది. సుప్రీంకోర్టు వేసిన జాతీయ టాస్క్‌ఫోర్సు 2024 నవంబరులో, ప్రత్యేక కేంద్రచట్టం అవసరం లేదంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచే అలాంటి చట్టం ఉంది. అయినా దాడులు ఆగలేదు. చెల్లెలు పోయిన దుఃఖంలో అద్దాలు పగలగొట్టిన అన్న జైలుకెళ్ళొచ్చు, సరే. వార్డులో మంచాలు ఇవ్వని ప్రభుత్వాన్ని ఏ సెక్షను కింద పెడతారు?

అమెరికాలో ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం ఏటా వాషింగ్టన్ వెళ్ళి చట్టసభ సభ్యుల్ని కలుస్తుంది. సిబ్బందిపై దాడులు ఆపమని అడిగే ఆ నోటితోనే, వార్డులో మంచం దొరక్క గంటలూ రోజులూ స్ట్రెచర్లపై పడివుండే రోగుల సంగతీ తేల్చమంటుంది. నేను చూసిన మన డాక్టర్ల వినతిపత్రాల్లో మొదటిది దండిగా ఉంటుంది, రెండోది ఒక ముక్క. నర్సులు, కాంట్రాక్టు ఆయాలు, స్వీపర్ల ఊసు అసలుండదు. రాత్రి వార్డుల్లో ఉండేది ఎక్కువగా వాళ్ళేనాయె.

ఈసారి ఎమ్మెల్యేల దగ్గరికి వాళ్ళతోపాటు మనమూ వెళదాం, మన డిమాండ్లు కూడా అదే కాగితంలో రాయించి. అత్యాచార బాధితులకు ఏ ఆసుపత్రైనా ఉచితంగా తక్షణం వైద్యం చేయాలని 2013 నుంచీ చట్టంలో ఉంది. మీ ఊరి ఆసుపత్రిలో అది అమలవుతోందా? రాత్రి డ్యూటీ ఆయాకి గది ఉందా? 2013 చట్టం ప్రకారం వేయాల్సిన లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు? వెళ్ళి కనుక్కుని రాయండి. వచ్చే సంచికలో జిల్లాలవారీగా వేస్తాం.