ఆ కళ్లలో మెరుపు ఎక్కడిది?

మొన్న గోదావరిఖనిలో ఒక ఫొటో పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. ముగ్గురం. మొదటి బహుమతి వచ్చిన ఫొటోకు నేను మార్కులు వెయ్యలేదు. ఓడిపోయినందుకు బాధ లేదు. ఎందుకు వెయ్యలేదో చెబుదామంటే అక్కడ శాలువాల తొందర. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఫొటో ఇదీ. నైట్ షిఫ్టు దిగిన బొగ్గుబాయి కార్మికుడు చౌరస్తా దగ్గర టీ బండి ముందు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నలుపు తెలుపు. ముఖమంతా మసి, అందులోంచి తెల్లగా రెండు కళ్లు. హాల్లో అందరూ ఆ కళ్ల దగ్గర ఆగిపోయారు. నేను నీడ దగ్గర ఆగాను.

నైట్ షిఫ్టు దిగేది పొద్దున ఏడింటికి. అప్పుడు ఎండ ఏటవాలుగా పడి నీడలు పొడుగ్గా సాగుతాయి. ఈ ఫొటోలో నీడ కెమెరా వైపు వస్తోంది. అంటే సూర్యుడు ఆయన వీపు వెనక ఉన్నాడు. అలాంటప్పుడు చెవుల అంచులు మెరవాలి, భుజాలు మెరవాలి, గ్లాసులోంచి లేచే ఆవిరి మెరవాలి. అవన్నీ చీకట్లో కలిసిపోయాయి, మెరవకూడని కళ్లు మెరుస్తున్నాయి. ఫోన్లో ముఖాన్ని ముదురు చేసి కళ్లకు తెలుపు పూశారన్నమాట. బొగ్గుబాయి అంటించని నలుపు వేలితో రుద్ది అంటించారు. నిజానికి కెమెరా మీటరు నల్లటి ముఖాన్ని చూస్తే కొంచెం వెలుగు ఎక్కువే ఇస్తుంది, బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. నుదుటి ముడతలు, చెమట చారలు అందులో పడే ఉంటాయి. వాటినే పూడ్చేశారు.

మా రోడ్ల మీద బొగ్గు లారీలు తిరుగుతుంటాయి, గాల్లో దుమ్ము తేలుతుంటుంది. ఎండకు వీపు పెట్టి చూస్తే అది అంతగా కనబడదు. ఎండకు ఎదురుగా నిలబడండి, ఒక్కో రేణువూ కనబడుతుంది. ఈ ఫొటో తీసిన కుర్రవాడు సరిగ్గా అక్కడే నిలబడ్డాడు! మంచి కన్ను. తర్వాత కాంట్రాస్టు పెంచి ఆ దుమ్మంతా చెరిపేశాడు.

కూర్పు సంగతికొస్తే, దూరంగా ఉన్న ఎన్టీపీసీ పొగగొట్టం కార్మికుడి తలమీద మొలిచినట్టుంది. రెండడుగులు పక్కకు జరిగితే ఒక వైపు మనిషి, ఒక వైపు గొట్టం, మధ్యలో రోడ్డు వచ్చేవి. సింగరేణి బొగ్గుకూ అక్కడ పుట్టే కరెంటుకూ ఉన్న చుట్టరికం చూసేవాడికి తట్టేది. పాదాలు చీలమండల దగ్గర తెగిపోయాయి. ఎడమ అంచున గాజుల చెయ్యొకటి చిల్లర అందిస్తోంది. టీ బండి ఆమెది. ఆయన ఒంటరిగా కనబడాలని కాబోలు, ఆమెను కోసేశారు. పొద్దున ఏడింటికి చౌరస్తాలో ఒంటరిగా టీ తాగే బాయి కార్మికుణ్ని నేనింతవరకు చూడలేదు.

నలుపంటే నాకు పగ లేదు. ఊటీలో తయారైన ఇందు పేపరు మీద వేలకొద్దీ నలుపు తెలుపు ప్రింట్లు వేసినవాణ్ని. 1937లో ఫొటోగ్రాఫర్ బిల్ బ్రాంట్ ఇంగ్లండులో తీసిన ఫొటో ఒకటుంది, ఏరుకున్న బొగ్గు బస్తాను సైకిలు మీద పెట్టి నెట్టుకుంటూ జారో ఊరికి పోతున్న మనిషిది. చాలావరకు చీకటే. కానీ ఆ చీకట్లో సైకిలుంది, బస్తా ఉంది, నడిచే దారి ఉంది. మన ఫొటోలో కళ్లు తీసేస్తే ఏముంది?

నలభై ఏళ్లుగా నా స్టూడియోకు బాయి కార్మికులు వస్తున్నారు. ఒక్కరూ మసి ముఖంతో రాలేదు. స్నానం చేసి, పౌడరు రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, "అన్నా, మొఖం జెర తెల్లగ రావాలె" అన్నవాళ్లే. పక్కన కొడుకు, చేతిలో డిపెండెంటు ఉద్యోగం కాగితాలు.

బహుమతి తీసుకున్నాక ఆ కుర్రవాడు నా దగ్గరికొచ్చి, "సార్, కలర్‌ల ఫీల్ రాలే" అన్నాడు. ఫొటోలో కార్మికుడు వేసుకున్న చొక్కా ఏ రంగు అని అడిగాను. యాదికి లేదన్నాడు.

బాబూ, ఇది చదివితే ఆ ఒరిజినల్ ఫైలు తీసుకుని స్టూడియోకు రా. గాజుల చెయ్యిని కొయ్యకముందుది. ప్రింటు ఖర్చు నాది.