‘గెలుస్తానా?’ అని అడగనివ్వండి

ఏ చదువుల ఊళ్లోనైనా పరీక్షల ముందు పిల్లలు తరచూ వినే సలహా ఒకటుంది: ‘నేను సాధిస్తాను’ అని రోజూ అనుకో. ఇది అందరికీ మేలు చేయదు. కెనడాలో మనస్తత్వ పరిశోధకురాలు జోయన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తమపై తమకు నమ్మకం తక్కువున్నవాళ్లు ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని పదేపదే అనుకున్నాక మరింత దిగులుపడ్డారు. లోపలి మనసు ఒప్పుకోని మాటను నాలుక పలికితే, ఆ ఎడమే బాధ పెడుతుంది. ధైర్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఈ మందు వికటించడం నన్ను కలవరపెడుతోంది.

ప్రశ్న అలా కాదు. మనస్తత్వ పరిశోధకుడు ఇబ్రహీం సెనాయ్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో ‘చేస్తాను’ అని రాసినవాళ్లకంటే ‘చేస్తానా?’ అని రాసినవాళ్లు అక్షరాలు తారుమారైన పదచిక్కులను ఎక్కువగా విప్పారు. ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోదు, నిజమే. ప్రశ్నిస్తే సందేహం పెరగదా అనీ అడగవచ్చు. ‘నేనెందుకిలా ఉన్నాను?’ అన్న ప్రశ్న నిజంగానే కుంగదీస్తుంది. ‘ఈ లెక్క ఎక్కడ ఆగింది, ఎవరిని అడగాలి?’ అన్నది పనిలోకి దింపుతుంది. అధ్యాపకులారా, తల్లిదండ్రులారా, పిల్లలచేత నినాదాలు వల్లె వేయించకండి. వాళ్ల ప్రశ్న వినండి, జవాబు వెతికే వ్యవధి ఇవ్వండి.