ఇంకో ఏడాది చూద్దామా?

మన ఇళ్ళల్లో పైసా ఖర్చు లేకుండా దొరికే మాట ఒకటుంది: "ఇంకో ఏడాది చూద్దాం." అన్నవాళ్ళకి పెద్దరికం దక్కుతుంది, బాధ్యత తప్పుతుంది. అమ్మాయి పైచదువు సంగతి ఎత్తితే ఇంకో ఏడాది చూద్దాం. కోడలు ఉద్యోగానికి దరఖాస్తు పెడతానంటే ఇంకో ఏడాది చూద్దాం. ఒకప్పుడు మన రాష్ట్రంలో నెలకి 398 రూపాయలిచ్చి బళ్ళో పాఠాలు చెప్పించుకున్న టీచర్లకీ ఏళ్ళ తరబడి ఇదే జవాబు. చూద్దామన్నవాళ్ళకి ఏడాదంటే గోడమీద క్యాలెండరు మారడం, అంతే. ఎదురుచూసే మనిషికి మాత్రం అది ఆయుష్షులో ఒక ముక్క.

ఈ మాట ఇప్పుడు క్రికెట్ మైదానం దాకా వెళ్ళింది. క్రికెట్ అనగానే పేజీ తిప్పేయకండి. ఇది బ్యాటూ బంతీ గొడవ కాదు, అచ్చంగా మన గొడవే.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి, వన్డే ప్రపంచకప్పుని మొట్టమొదటిసారి ఇంటికి తెచ్చారు. ఆ జట్టులో కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి ఉంది. ఎడమచేతి స్పిన్నరు, అప్పటికి 21 ఏళ్ళ పిల్ల. ఆ పోటీల్లో 14 వికెట్లు తీసింది. మన జట్టులో అంతకన్నా ఎక్కువ తీసింది దీప్తి శర్మ ఒక్కతే, 22. ఆ పోటీలన్నిటికీ మేటి క్రీడాకారిణి కూడా దీప్తే.

ఇక ఆడవాళ్ళ ప్రీమియర్ లీగ్ సంగతి. 2025 సీజనుకి శ్రీచరణిని ఢిల్లీ జట్టు 55 లక్షలకి కొనుక్కుంది. తర్వాతి సీజనుకి పెద్ద వేలం పెడుతూ, ఒక్కో జట్టూ పాతవాళ్ళలో అయిదుగురిని దాకా అట్టేపెట్టుకోవచ్చన్నారు. నవంబరు మొదటి వారంలో, కప్పు తాలూకు పూలదండలు వాడకముందే, ఆ జాబితాలు వచ్చాయి. ఢిల్లీ వాళ్ళు అయిదుగురిని ఉంచుకున్నారు. అందులో శ్రీచరణి లేదు. యూపీ జట్టు దీప్తినీ వదిలేసింది. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే కాబోలు!

నవంబరు 27న వేలం జరిగింది. వదిలేసిన శ్రీచరణిని అదే ఢిల్లీ 1 కోటి 30 లక్షలు పాడి వెనక్కి తెచ్చుకుంది. దీప్తి కోసం పాట 3 కోట్ల 20 లక్షలదాకా పోతే, ఆ ధర చెల్లించి యూపీ వాళ్ళే మళ్ళీ తీసుకున్నారు. నిబంధన ప్రకారం ఆమెని మొదటి స్థానంలో అట్టేపెట్టుకుంటే 3 కోట్ల 50 లక్షలు అయ్యేది. అంటే ప్రపంచంలో మేటి అనిపించుకున్న మనిషిని బజార్లో నిలబెట్టి మిగిల్చుకున్నది 30 లక్షలు. కూరల దుకాణం దగ్గర బేరమాడి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి అదే వంకాయలు కొనుక్కోవడం మనకూ తెలుసు. కాకపోతే వంకాయకి రాత్రి నిద్రపట్టకపోవడమంటూ ఉండదు.

"అదేమిటమ్మా, వేలానికి వెళ్ళబట్టేగా ఆ పిల్లకి 55 లక్షలు కాస్తా 1 కోటి 30 లక్షలయింది? అట్టేపెట్టుకుంటే అయిదో స్థానానికి 50 లక్షలేగా నిబంధన?" అని లెక్కలొచ్చిన మగమహారాజులు అడుగుతారు. నిజమే. ఆ డబ్బు ఆమె చేతికి అందినందుకు సంతోషమే. కానీ ఢిల్లీ వాళ్ళు తక్కిన నలుగురికి ఏం చేశారో చూడండి. నిబంధనలో 3 కోట్ల 50 లక్షల నుంచి కోటి దాకా మెట్లు మెట్లుగా ఉన్న మొత్తాన్ని కలిపి, తలా 2 కోట్ల 20 లక్షలు సమంగా ఇచ్చుకున్నారు. మనసుంటే సర్దుబాటుకి దారి ఉందన్నమాట.

పైగా జాబితాకీ వేలానికీ మధ్య మూడు వారాలు. ఆ మూడు వారాల్లో ఆ పిల్ల మెట్లమీద జారి మడమ మెలిపెట్టుకుని ఉంటే? ఊరికే భయపెట్టడం కాదు. ప్రతీకా రావల్ సంగతి చూడండి. అదే ప్రపంచకప్పులో అక్టోబరు 23న న్యూజిలాండ్ మీద 122 పరుగులు కొట్టింది. మూడురోజుల తర్వాత బంగ్లాదేశ్‌తో ఆడుతూ, తడినేలమీద బంతికోసం పరిగెత్తి కాలు దెబ్బతీసుకుంది. సెమీఫైనలూ లేదు, ఫైనలూ లేదు. వేలంలో ఆమెకి వచ్చింది 50 లక్షలు. అంతకుముందు ఆమె ఏ జట్టులోనూ లేదు కాబట్టి తప్పు ఫలానావాళ్ళదని అనను. బజారు దెబ్బతిన్న కాలుకి ఎంత వెల కడుతుందో చూసుకోమంటున్నాను.

ముందుగా ఒప్పందం రాసుకోవడంలో ప్రమాదం లేదనీ నేననను. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత ఊరికే పుట్టలేదు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌లో ఈ తగాదా ఏటేటా జరుగుతుంది. అక్కడ జట్టుకి క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి ముందు అతని చేతికే వస్తుంది, ఎవరికి విసరాలో అతనే చూసుకోవాలి. మన పెళ్ళిళ్ళలో వంటశాల తాళాలు పట్టుకున్న మేనత్తలాంటివాడు. అతని ఒప్పందాన్ని గడువు తీరకముందే పొడిగించాలా, ఇంకో ఏడాది చూడాలా అని అక్కడ పెద్ద తర్జనభర్జన. ఫిలడెల్ఫియా ఈగల్స్ వాళ్ళు 2019 జూన్‌లో కార్సన్ వెంట్జ్ అనే కుర్రాడికి, పాత ఒప్పందం ఇంకా రెండేళ్ళుండగానే, మరో నాలుగేళ్ళకి 12 కోట్ల 80 లక్షల డాలర్లదాకా రాసిచ్చారు. 2020లో అతని ఆట దెబ్బతింది, పక్కన కూర్చోబెట్టారు. 2021లో ఇంకో జట్టుకి పంపేశారు. చూశారా తొందరపాటు ఫలితం, అని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు.

సరే, తర్వాతేమయింది? ఆ జట్టు మునిగిపోయిందా? 2023 ఫిబ్రవరిలో అంతిమపోటీ దాకా వెళ్ళింది. 2025 ఫిబ్రవరిలో గెలిచి కప్పెత్తింది. వెంట్జ్ మాత్రం జట్టు తర్వాత జట్టు మారుతూ ఊళ్ళు తిరిగాడు. నా వాదనంతా ఇక్కడే ఉంది. ముందు ఒప్పందం తప్పుపోతే జట్టుకి పోయేది డబ్బు, అదీ కొంత. ఆలస్యం తప్పుపోతే ఆటగత్తెకి పోయేది బతుకు. జట్టుకి పదిహేను, పద్ధెనిమిది మంది ఆటగత్తెలు. ఒకరు విఫలమైతే ఇంకొకరు. ఆ పిల్లకి ఉన్నది ఒక్క భుజం. నష్టం తట్టుకోగలవాడు జాగ్రత్త పేరుతో తప్పుకుని, తట్టుకోలేని మనిషి నెత్తిన ఆ నష్టాన్ని పెట్టడం వివేకమెలా అవుతుంది?

మా కొత్తపట్నం మొదలుకుని గుంటూరు మిర్చియార్డు దాకా ఏ రైతు ఇల్లాలిని అడిగినా ఈ లెక్క చెబుతుంది. ధర పెరుగుతుందని టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాళ్ళున్నారు, కల్లంలోనే అమ్మేసి తర్వాత నాలిక కరుచుకున్నవాళ్ళున్నారు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్ర ప్రభుత్వం కలగజేసుకుని, క్వింటాలుకి 11,781 రూపాయలని ఒక లెక్క కట్టాల్సి వచ్చింది. కాయ కోయకముందే ధర తెలిస్తే నాలుగు రూపాయలు తగ్గినా ఫరవాలేదు, అప్పులవాడికి ఫలానా తేదీ అని చెప్పుకోవచ్చు. అయినా మిరపకాయ అదృష్టం చేసుకుంది. దాన్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టి మరో ఆరునెలలు ఆగొచ్చు. 21 ఏళ్ళ వయసుని ఏ గిడ్డంగిలో పెడతాం? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మనకి చెప్పినవాళ్ళు, ఆ పిల్లకి మాత్రం దీపం చూసుకుంటూ కూర్చోమంటే ఎలా?

అలాగని ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టెయ్యమని కాదు. లమార్ జాక్సన్ అనే క్వార్టర్‌బ్యాక్‌కి ఏజెంటు లేడు, వ్యవహారాలు చూసేది వాళ్ళమ్మ ఫెలీసియా జోన్స్. 2022లో సీజను మొదలయ్యేముందు బేరం కుదరలేదు. డిసెంబరులో అతని మోకాలు దెబ్బతింది. అయినా తల్లీకొడుకులు తొణకలేదు. 2023 ఏప్రిల్‌లో అయిదేళ్ళకి 26 కోట్ల డాలర్లకి ఒప్పందం కుదిరింది. అందులో 18 కోట్ల 50 లక్షలు గ్యారంటీ సొమ్ము. మొత్తం అంకె చూసి మురవడం కాదు, కాలు విరిగినా చేతికొచ్చేది ఎంత అన్నదే అడగాలి. పట్టుచీర జరీ చూసి కొనం గదా, అంచు తిప్పి చూస్తాం!

షరతులు కూడా చదవాలి. 2022లో అరిజోనా జట్టు కైలర్ మర్రే అనే కుర్రాడికి 23 కోట్ల డాలర్ల పైచిలుకు రాసిస్తూ, వారానికి నాలుగు గంటలు సొంతంగా ఆట పాఠాలు చదువుకోవాలని మెలిక పెట్టింది. లోకమంతా నవ్వాక తీసేసింది. అంత డబ్బిచ్చీ హోంవర్కు చేయించే అత్తగారు ఉంటుందని అమెరికావాళ్ళకి అప్పుడే తెలిసిందేమో, మనకి కొత్తకాదు.

మరో ముక్క. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాద్ సన్‌రైజర్స్ 20 లక్షలకి తీసుకుంది. 2024లో ఒక్క సీజను బాగా ఆడి 303 పరుగులు చేశాడు. ఆ అక్టోబరులో, వేలానికి పంపకుండానే, 6 కోట్లిచ్చి అట్టేపెట్టుకున్నారు. 2025లో ఐపీఎల్ ఆట చప్పగా సాగినా మరుసటి ఏడాదికీ అదే 6 కోట్లకి ఉంచుకున్నారు. మంచి పని, అబ్బాయి వృద్ధిలోకి రావాలి. మగవాళ్ళ లీగ్‌లో డబ్బు ఎన్నో రెట్లు ఎక్కువని నాకూ తెలుసు. నేనడిగేది డబ్బు కాదు, నమ్మకం. ఒక సీజను ఆడిన అబ్బాయి మీద ఉంచిన నమ్మకం, ప్రపంచకప్పు తెచ్చిన అమ్మాయి మీద ఉంచడానికి ఏం అడ్డొచ్చింది? అబ్బాయి బాగా ఆడితే "భవిష్యత్తు ఉంది" అంటారు. అమ్మాయి బాగా ఆడితే "నిలకడ చూడాలి" అంటారు. నిలకడ చూపించడానికి ముందు నిలబడడానికి చోటివ్వాలి గదా.

అందుకని జట్టు యజమానులతో నా మాట ఒకటే. ఇరవై ఏళ్ళ పిల్ల మీకోసం ఎండలో బంతి వేస్తుంటే, ఒప్పందం గడువు దగ్గరపడేదాకా ఆగకండి. రెండు మూడేళ్ళకి ముందుగా రాయండి, ఏటేటా పెంచండి, దెబ్బ తగిలినా ఆగని సొమ్ము అందులో చూపించండి. ఒకరిద్దరి విషయంలో మీ అంచనా తప్పుతుంది. తప్పనివ్వండి, మీరు తట్టుకోగలరు.

మనతో కూడా ఒక మాట. ఇవాళ ఆటకి వెళ్ళే అమ్మాయిలు మన వీధుల్లోనూ ఉన్నారు. ఆటకే కానివ్వండి, బడికే కానివ్వండి, కంపెనీకే కానివ్వండి, మీ అమ్మాయి ముందుకి ఎవరైనా కాగితం తెస్తే కళ్ళజోడు పెట్టుకుని మీరే చదవండి. రెండు ప్రశ్నలు అడగండి. ఒంట్లో బాగాలేకపోతే డబ్బు ఆగుతుందా? వద్దనుకుంటే ఎన్నాళ్ళ ముందు చెబుతారు? జవాబు సరిగా రాకుండా "ఇంకో ఏడాది చూద్దాం లెండి" అన్నారనుకోండి, ఆ ఏడాది ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తున్నారో అదీ అడగండి.