గ్రంథస్వామ్యము - విద్యార్థి ధర్మము

పాత తెలుగు పుస్తకములను తెరచి చూచినచో మొదటి పుటలలో గ్రంథము పేరు, గ్రంథకర్త పేరు, వెల అను వానితో కూడ "సర్వస్వామ్య సంకలితము" అను మాటలు తరచుగా కానవచ్చును. ఈ గ్రంథమునకు సంబంధించిన హక్కులన్నియు వ్రాసినవానివే యని దాని భావము. మన తాతల కాలమున ఒక పుస్తకమునకు ప్రతి వ్రాసికొనవలెనన్న నెలలు పట్టెడిది. అచ్చు వేయవలెనన్న అచ్చుకూటము, కాగితము, ధనము కావలసియుండెడివి. కనుక ఆ మాటలు ముద్రాపకులకు హెచ్చరికయే గాని సామాన్య పాఠకునకు వానితో పనిలేకుండెను. నేడట్లు కాదు. కామారెడ్డి బజారులోని జిరాక్సు దుకాణమున అరగంటలో ఒక పుస్తకము రెండగును. ఎల్లారెడ్డి చెంతనున్న పల్లెలో కూర్చున్న బాలుడు సెల్‌ఫోనుపై వ్రేలు మోపి అదే పుస్తకమును రెండువందల మందికి పంపగలడు. ప్రతివాడును ముద్రాపకుడైన యీ కాలమున ఆ మాటల యర్థమును ప్రతివాడును ఎరుగవలసియున్నది.

ఈ విషయమున మనలో రెండు విధములైన అభిప్రాయములు వ్యాపించియున్నవి. సెల్‌ఫోనులోనికి వచ్చినదంతయు ఎవరిదియు కాదని కొందరి తలంపు. ఏ పుస్తకమునందలి ఏ పుటకు ప్రతి తీసినను నేరమేయని మరికొందరి భయము. మొదటివారు గ్రంథకర్తకును, రెండవవారు విద్యార్థికిని అన్యాయము చేయుచున్నారు. నా యభిప్రాయమున మన చట్టము ఈ ఇరువురికంటెను వివేకము గలది. అయినను ఒక్కచోట మాత్రము అది మన భాషకు కీడు కలిగించుచున్నది. ఈ సంగతులను క్రమముగా మనవి చేసెదను.

మన దేశమున గ్రంథస్వామ్యమునకు ఆధారము 1957 సంవత్సరపు కాపీరైటు చట్టము. ఇది 1958 జనవరి 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము గ్రంథకర్త జీవించియున్నంత కాలమును, అతడు మరణించిన సంవత్సరము ముగిసిన పిమ్మట 60 సంవత్సరములును ఆ గ్రంథముపై హక్కు నిలిచియుండును. ఈ హక్కు కలుగుటకు ఏ కచేరిలోను నమోదు చేయింపనక్కరలేదు. వ్రాసిన క్షణముననే అది కలుగును. అయితే చట్టము కాపాడునది భావమును కాదు, భావమును చెప్పిన మాటల కూర్పును మాత్రమే. ఈ సంగతిని సుప్రీము కోర్టు 1978లో ఒక నాటకమునకును చలనచిత్రమునకును సంబంధించిన వ్యాజ్యమున స్పష్టపరచినది. నిజాంసాగరమును గూర్చి ఎవరైనను వ్యాసము వ్రాయవచ్చును. ఒకడు వ్రాసిన వాక్యములను మరియొకడు తనవిగా ప్రకటింపరాదు.

విద్యార్థులారా, ఈ చట్టము గొప్ప పండితులకొరకే పుట్టినదని తలంపకుడు. ఈ సంచికలో అచ్చుపడు ఆరవ తరగతి బాలిక వ్యాసమునకు ఆ బాలికయే స్వామిని. అది పాఠశాలది కాదు, ఉపాధ్యాయునిది కాదు. ఆమె యనుమతి లేక ఎవరును దానిని వేరొకచోట అచ్చువేసికొనరాదు. ఇట్టి ఘనమైన హక్కు నీకుండగా, అంతర్జాలమున దొరికిన వ్యాసమును దించి క్రింద నీ పేరు వ్రాసి పంపుట ఎంత నష్టమో ఆలోచింపుము. పరుల సొత్తును తీసికొంటివి, సరే. నీ సొత్తును కలుగకుండ చేసికొంటివి. అది అంతకంటె పెద్ద నష్టము.

ఇప్పుడు అడిగిన వెంటనే వ్యాసమును వ్రాసియిచ్చు యంత్రములును వచ్చినవి. అవి ఎందరో వ్రాసినదానిని చదివి పలుకుచున్నవి. ఆ చదువుట న్యాయమా కాదా యని ఏ.ఎన్.ఐ. అను వార్తాసంస్థ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టునందు వ్యాజ్యము వేసినది. ఆ వాదము న్యాయమూర్తుల యెదుట జరుగవలసినది. తరగతి గదిలోని ప్రశ్న వేరు. యంత్రము వ్రాసిన దానిని తన వ్రాతయని యిచ్చిన బాలునకు వ్రాయుట వచ్చునా?

ఇక మొదటి పొరపాటును చూతము. సినిమాలు తీయువారు కోటీశ్వరులు, మేము ఉచితముగా చూచినచో వారికేమి నష్టమని పిల్లలు అడుగుట వినుచున్నాను. ఐబొమ్మ అను పేరు మన పిల్లలలో ఎరుగనివారు అరుదు. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు దానిని నడిపెనన్న ఆరోపణపై ఒకనిని నిర్బంధించిరి. కాపీరైటు చట్టము 63వ సెక్షను ప్రకారము బుద్ధిపూర్వకముగా హక్కును భంగపరచిన వానికి సాధారణముగా 6 నెలలనుండి 3 సంవత్సరముల వరకు కారాగారశిక్షయు, 50 వేలనుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాయు కలవు. చలనచిత్రముల విషయమున 2023లో సవరించిన సినిమాటోగ్రాఫు చట్టము ఇంకను కఠినమైన జరిమానాను విధించుచున్నది. కాని శిక్షాభయముచేత మాత్రమే మంచివాడైనవాడు మంచివాడు కాడు. ఆ చిత్రమున పాట వ్రాసినవాడును, దీపములు మోసినవాడును కోటీశ్వరులు కారు. పైగా సినిమాతో మొదలైన యలవాటు పుస్తకములకు వ్యాపించుచున్నది. తెలుగున పుస్తకము వ్రాయువాడు తరచుగా తన జీతములో మిగిల్చిన ధనముతో కొలది ప్రతులు అచ్చువేయించుకొనును. ఆ పుస్తకమును పి.డి.ఎఫ్.గా మార్చి వాట్సాప్ గుంపులలో పంచి, జ్ఞానదానము చేసితిమని సంతోషించువారు కలరు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నది ఈ జ్ఞానదానము. మొదటి పుస్తకము అమ్ముడుపోనివాడు రెండవ పుస్తకమును వ్రాయడు.

రెండవ పొరపాటు భయము. భయపడువారికి నేను చెప్పునదేమనగా, చట్టము విద్యార్థికి తలుపులు విశాలముగా తెరచియుంచినది. 52వ సెక్షను ప్రకారము ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని బోధనాక్రమమున పుస్తకభాగములకు ప్రతులు తీసికొనుట హక్కుభంగము కాదు. ప్రశ్నపత్రమున ఒక పద్యము నిచ్చినను, జవాబులో దానిని వ్రాసినను తప్పు లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆవరణలోని ఒక జిరాక్సు దుకాణముపై ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మొదలగు ప్రకాశకులు 2012లో వ్యాజ్యము వేసిరి. పాఠ్యాంశములుగా నిర్ణయింపబడిన భాగములను ఆ దుకాణము ప్రతులు తీసి కట్టలుగా అమ్ముచున్నదని వారి ఫిర్యాదు. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు దుకాణము పక్షమున తీర్పు చెప్పెను. ఆ డిసెంబరు 9న ఇరువురు న్యాయమూర్తుల ధర్మాసనము, బోధనకు ఎంత యవసరమో అంతవరకు ప్రతి తీయుట న్యాయమేయని సూత్రమును స్థిరపరచి, ఆ కట్టలు అంతకు మించినవా యను ప్రశ్నను విచారణకై తిరిగి పంపెను. 2017 మార్చిలో ప్రకాశకులు తమ వ్యాజ్యమును ఉపసంహరించుకొనిరి. ఇందువలన మనము గ్రహింపవలసిన దేమనగా, పాఠమునకు కావలసిన అధ్యాయమునకు ప్రతి తీసికొనుట చదువు. బజారున దొరకు పుస్తకమును కొనకుండుటకై మొత్తమునకు ప్రతి తీయుట చదువు కాదు.

వార్షికోత్సవమున మనము ఆడు నాటకమునకును చట్టము అనుమతి నిచ్చుచున్నది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, తలిదండ్రులు, సంరక్షకులు మాత్రమే ప్రేక్షకులైనచో నాటకకర్త యనుమతి యక్కరలేదు. కాని ఆ రాత్రియే ఎవరో దానిని సెల్‌ఫోనులో పట్టి యూట్యూబున పెట్టుదురు. అప్పుడు ప్రేక్షకులు తలిదండ్రులు కారు, ప్రపంచమంతయు. ఆ మినహాయింపు అంతదూరము రాదు. అంతియే కాక ఆ చిత్రమున మన పిల్లల ముఖములు, పేర్లు ఉన్నవి. ఆంతరంగికత పౌరుల మౌలికహక్కని సుప్రీము కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా చెప్పిరి. 18 సంవత్సరములు నిండనివారి వివరములను సేకరించు సంస్థలు తలిదండ్రుల యనుమతి పొందవలెనని 2023 సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము నియమించినది. తలిదండ్రులారా, ఇతరుల బిడ్డ చిత్రమును పంపుటకు ముందు ఆ బిడ్డ తల్లిని అడుగుడు.

చూపులేని విద్యార్థులకొరకు చట్టము ఇంకను ఉదారముగా నున్నది. 2012 సవరణ వలన అట్టివారికొరకు ఏ పుస్తకమునైనను వారు చదువదగిన రూపమునకు, అనగా బ్రెయిలు లిపికి గాని వినదగు పుస్తకముగా గాని, లాభాపేక్ష లేక మార్చియీయవచ్చును. 2013లో మరాకెష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ సంధిని అందరికంటె ముందు, 2014లో, ఆమోదించిన దేశము మనదే. మన యువకులు తమ కంఠముతో ఒక పాఠ్యపుస్తకమును చదివి, చూపులేని సహాధ్యాయికై ధ్వనిముద్రణ చేసినచో దానికి చట్టము అడ్డుపడదు.

ఇక చట్టము మన భాషకు చేయుచున్న కీడును గూర్చి చెప్పవలెను. తెలంగాణమున కవులు పూజ్యమను నిందకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. ప్రతాపరెడ్డిగారు 1953లో దివంగతులైరి గనుక సంకలనకర్తగా వారికిగల హక్కు 2013 సంవత్సరాంతమున ముగిసినది. కాని అందలి ప్రతి పద్యమునకును దానిని వ్రాసిన కవి మరణమునుబట్టి వేరు లెక్క కలదు. నాటికి యువకుడైయుండి 1975లో మరణించిన కవి యున్నచో అతని పద్యము 2035 వరకు బంధమందుండును. ఆ కవి మరణసంవత్సరము మనకు తెలియనిచో? వారసు లెవరో తెలియనిచో? అట్టి గ్రంథమునకు అనుమతి పొందుటకై చట్టమున 31ఎ సెక్షను కలదు. దాని ప్రకారము వార్తాపత్రికలలో ప్రకటనలు వేయించి న్యాయస్థానము నాశ్రయింపవలెను. వంద పుటల చిన్న పద్యపుస్తకమునకై ఏ గ్రాంథాలయాధికారి యిట్టి వ్యయమును భరించును? ఈలోగా పుస్తకము చెదల పాలగుచున్నది. వారసులకు దమ్మిడీ రాదు, పాఠకునకు పుట దొరకదు. ఎవరికిని లాభములేని హక్కు హక్కు కాదు, తాళముచెవి పోయిన పెట్టె.

గడువు శిలాశాసనము కాదని చరిత్ర చెప్పుచున్నది. రవీంద్రనాథ ఠాగూరుగారు 1941లో మరణించిరి. అప్పటి 50 సంవత్సరముల గడువు ముగియగా, 1992లో పార్లమెంటు దానిని 60కి పెంచినది. ఒక మహాకవి గ్రంథములకొరకు పెంచగలిగినవారు, దిక్కులేని వేలకొలది పుస్తకములకొరకు ఒక సవరణ చేయలేరా? తమిళుల మార్గము మరియొకటి. సుబ్రహ్మణ్య భారతి రచనలపై హక్కులను మద్రాసు ప్రభుత్వము 1949లో స్వీకరించి, పిమ్మట ప్రజలకు విడిచిపెట్టినది. నేటికిని తమిళనాడు ప్రభుత్వము గ్రంథకర్తల కుటుంబములకు ధనమిచ్చి వారి రచనలను ప్రజల సొత్తుగా చేయుచున్నది. కుటుంబమునకు గౌరవము, ప్రజలకు పుస్తకము. మన రెండు తెలుగు ప్రభుత్వములును ఇట్లే చేయవలెనని నా గట్టి యభిప్రాయము. మరియు పాతిక సంవత్సరములుగా అచ్చులో లేని పుస్తకమును ప్రజాగ్రంథాలయములు అంతర్జాలమున నుంచుటకును, వారసులు వచ్చినప్పుడు వారికి తగిన ప్రతిఫలమిచ్చుటకును చట్టము అనుమతింపవలెను.

ప్రభుత్వములు కదలువరకు మనము ఊరకుండనక్కరలేదు. హైదరాబాదునందలి ట్రిపుల్ ఐటీ ముఖ్యకేంద్రముగా పాలుపంచుకొన్న భారత డిజిటల్ గ్రంథాలయపు కృషివలన వేలకొలది తెలుగు పుస్తకముల ప్రతిబింబములు తీయబడినవి. వానిలో అనేకము నేడు ఇంటర్నెట్ ఆర్కైవునందు చదువదగియున్నవి. తెలుగు వికీసోర్సునందు స్వచ్ఛంద సేవకులు గడువు తీరిన గ్రంథములను అక్షరమక్షరము సరిచూచి నిలుపుచున్నారు. ఈ పనికి ధనము కావలదు, తెలుగు తప్పులులేక చదువగల కన్నులు కావలెను. మన తొమ్మిదవ తరగతివారికి ఇంతకంటె మంచి తెలుగు అభ్యాసము నేనెరుగను. గడువు తీరిన గ్రంథమునుండియు వ్రాసినవాని పేరు తొలగింపరాదు. గ్రంథము ప్రజలది యైనను పేరు అతనిదే.

కావున విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో ఒక పని చేయుడు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, దోమకొండ, బాన్సువాడ ప్రాంతములలోని మీ యిండ్లలో అటకలమీదను, ట్రంకు పెట్టెలలోను ఉన్న పాత తెలుగు పుస్తకములను వెదకుడు. దుమ్ము దులిపి గ్రంథకర్త పేరు, అచ్చైన సంవత్సరము, అచ్చుకూటము పేరు ఒక కాగితముపై వ్రాయుడు. గ్రంథకర్త ఏ సంవత్సరమున మరణించెనో ఇంటిలోని పెద్దలనడిగి తెలిసికొనుడు. బడులు తెరచిన పిమ్మట ఆ కాగితములను పాఠశాల గ్రంథాలయమునకు తెండు. ఏవి అందరి సొత్తయినవో, ఏవి ఇంకను వ్రాసినవారివో కూర్చుండి లెక్క చూతము. మొదటివానిని నిర్భయముగా లోకమునకిత్తము. రెండవవానికై వారి కుటుంబములకు ఉత్తరములు వ్రాసి అనుమతి అడుగుదము. అడిగినచో కాదనువారు మన ప్రాంతమున అరుదని నా నమ్మకము.