ట్రూతో పోల్చకండి మహాప్రభో!

ఫ్లాగ్ అనగానే మా నడిగూడెం వాళ్ళకి పింగళి వెంకయ్యగారు గుర్తొస్తారు. సీ రాసేవాళ్ళకి మాత్రం 'ఇఫ్ (ఫ్లాగ్ == ట్రూ)'! అలా రాస్తే స్పష్టంగా ఉంటుందట. నేనొప్పుకోను.

సీలో సున్నా ఒక్కటే అబద్ధం, మిగతావన్నీ నిజాలే. ట్రూ అంటే 1 అని మాక్రో పెట్టుకుని దాంతో పోలిస్తే, 1 కాని నిజాలన్నీ అబద్ధాలైపోతాయి. 'ఈజ్‌ఆల్ఫా' సున్నా కానిదేదో ఇస్తానంది గానీ, 1 ఇస్తానని మాటివ్వలేదు. రిజిస్టర్‌లో బిట్ 3 కోసం 'స్టేటస్ & 8' అంటే వచ్చేది 8. దాన్ని ట్రూతో పోల్చి, ఆనక హార్డ్‌వేర్ వాళ్ళమీద పడితే ఏం లాభం?

"సీ99లో బూల్ వచ్చిందిగా" అంటారు. వచ్చింది, సీ23లో కీవర్డ్ కూడా అయింది. అసలైన బూల్‌ని మళ్ళీ ట్రూతో పోల్చడమంటే "నిజం నిజమేనా?" అని అడగడమే కదా!

అలాగని అన్నిచోట్లా ఉత్త ఇఫ్ చాలనట్లేదు. విండోస్‌లో 'గెట్‌మెసేజ్' పేరుకి బూలే, తేడా వస్తే -1 ఇస్తుంది. ఇఫ్‌కి అదీ నిజమే! 'స్ట్ర్‌కంప్' ఇచ్చేదీ అంకే, అక్కడ '!' బదులు '== 0' రాయండి.

అవునా కాదా అన్నదైతే నేరుగా అడగండి, అంకెనైతే అంకెతో పోల్చండి. ట్రూతో మాత్రం వద్దు. కాదనేవాళ్ళు ఒక్క ఉదాహరణ చూపించండి, చూద్దాం.